నీలిమంట కోసం ఆగిన చలికాలం

శుక్రవారం వస్తే వీరబ్రహ్మం స్నానం ఒక పట్టాన అయ్యేది కాదు. మస్కట్ శివార్లలో రుసైల్ లేబర్ క్యాంపులో బాత్రూమ్ బయట వరుసలో ఉన్నవాళ్లు తలుపు బాదినా, తిట్టినా వినిపించుకునేవాడు కాదు. గోళ్ల సందులు, మోచేతులు, చెవుల వెనకాల రుద్ది రుద్ది కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హమ్రియా పేటకు వెళ్లే బస్సెక్కేవాడు. అక్కడ జైనబీ ఇంట్లో అతని భార్య మల్లీశ్వరి అతని కోసం చూస్తూ ఉండేది.

జైనబీది కడప. భర్త పోయాక హమ్రియాలో చిన్న ఫ్లాటు తీసుకుని, తన జిల్లా నుంచి వచ్చినవాళ్లకు అన్నం వండి పెట్టేది. శుక్రవారం భోజనాలన్నీ అయ్యాక లోపలి గది ఆ ఇద్దరికీ వదిలేసి, తాను వంటింట్లో గిన్నెల పని పెట్టుకునేది. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండి వారానికి ఒక మధ్యాహ్నం కలుసుకోవడం ఆమెకు నచ్చేది కాదు. "ఇదేం కాపరం మే, రైల్వే టేషన్లో కలుసుకున్నెట్ల" అనేది మల్లీశ్వరితో.

కానీ అంతకన్నా దారి లేదు. మల్లీశ్వరి అల్ హైల్‌లో ఒక ముసలి దంపతుల ఇంట్లో వంటమనిషి. ఆ ఇంట్లోనే వంటగది పక్కన ఆమెకు చిన్న గది. వీరబ్రహ్మం మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో కూలి. క్యాంపులో ఆరుగురితో కలిసి ఒక రూమ్. మైదుకూరులో అతనికి ఒకప్పుడు వెల్డింగ్ షాపు ఉండేది. అది సాగలేదు. పెళ్లైన కొత్తల్లో మల్లీశ్వరికి ఒక కడుపు నిలవక పోయింది. ఆ తర్వాత ఆమె ముందు వచ్చింది, రెండేళ్లకు అతను వచ్చాడు. నాలుగు రాళ్లు వెనకేసుకుని ఇంటికి పోయి పిల్లల సంగతి చూసుకుందామని ఇద్దరూ అనుకునే వచ్చారు.

ప్లాంటులో అతని పని మొదట్లో ఎండబెట్టే మడుల దగ్గర. నగరం ఇళ్లన్నిటి నుంచీ పైపుల్లోనూ ట్యాంకర్లలోనూ వచ్చిన మురుగు నుంచి నీటిని వేరు చేసి తోటలకు పంపేవారు. అడుగున మిగిలిన నల్లటి బురదను మడుల్లో పరిచి ఎండబెట్టి, పారలతో ఎత్తి లారీల్లో వేయాలి. మూడు వేసవులు ఆ పనే చేశాడు. తోటివాళ్లు ముక్కుకు గుడ్డలు కట్టుకుంటే అతను కొన్నాళ్లకు అదీ మానేశాడు. అతనికి వాసన తెలియడం పోయింది. ఎదుటివాళ్లకు తెలుస్తుందన్న భయం మాత్రం పోలేదు. అందుకే ఆ శుక్రవారపు స్నానం.

మల్లీశ్వరి ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఒకసారి అతనే చెయ్యి వెనక్కి తీసుకుంటే, "నా చేతులు చూడు, ఎంత కడిగినా చేపల కంపు పోదు. పని చేసేవాళ్లకు వాసనుంటాది లే" అని నవ్వింది.

కరోనా నెమ్మదించిన మరుసటి ఏడు ప్లాంటు వెనక ఖాళీ స్థలంలో ఒక పెద్ద గుండ్రటి కాంక్రీటు తొట్టి కట్టారు. పైన మందపాటి రబ్బరు గుడ్డతో గుమ్మటం. గాలి చొరకుండా అంతా బిగించారు. దాన్ని చూసుకునే ఇంజనీరు హఫ్సా అనే ఒమానీ అమ్మాయి. సీబ్‌లో స్థిరపడ్డ బలూచీ కుటుంబం. హిందీ చక్కగా మాట్లాడేది. మడుల దగ్గర పనిచేసేవాళ్లలో ఇద్దరిని కొత్త తొట్టికి ఎంచుకుంది. ఒకడు రాయచోటి జిలాని, ఇంకొకడు వీరబ్రహ్మం.

"ఇది మిషన్ అనుకోకండి, పొట్ట అనుకోండి" అని మొదటిరోజే చెప్పింది. "ఇందులో కంటికి కనిపించని పురుగులుంటాయి. బురద వాటికి తిండి. అవి తిని గ్యాసు వదులుతాయి. ఎక్కువ పెడితే అజీర్తి చేస్తుంది, తక్కువైతే నీరసపడతాయి. ఒంట్లో ఉన్నంత వెచ్చదనం లోపల ఎప్పుడూ ఉండాలి. చల్లబడితే పని మానేస్తాయి."

"గోబర్ గ్యాసు లాంటిదా మేడమ్?" అని జిలాని అడిగాడు.

"అదే. కాకపోతే ఆవులకు బదులు మస్కట్ మనుషులు" అంది హఫ్సా. ముగ్గురూ నవ్వారు.

ఆ గ్యాసును శుభ్రం చేసి, బిగించి సిలిండర్లలోకి ఎక్కించి వాహనాలు నడపాలని ఆలోచన. మరికొంత గ్యాసుతో ఒక ఇంజన్ తిప్పితే, ఆ ఇంజన్ వేడి నీళ్ల పైపుల గుండా మళ్లీ తొట్టికే చేరుతుంది. మిగిలిన వేడితో బురదను కాచి, రోగాలు చచ్చేట్టు చేసి ఖర్జూరం తోటలకు ఎరువుగా ఇవ్వవచ్చు. ఇదంతా హఫ్సా సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి చూపించింది. ఇన్నేళ్లలో వీరబ్రహ్మానికి ఎవరైనా ఒక పని ఎందుకు చేయాలో చెప్పి చేయించడం అదే మొదలు. కాస్త బురద తీసి రంగు కాగితంతో పులుపు చూడటం, వేడి చూడటం, పంపు ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో ఆమె దగ్గరుండి నేర్పింది. అతను రూమ్‌కి పోయినా దాని గురించే మాట్లాడేవాడు. తోటివాళ్లు అతన్ని 'గ్యాసు బ్రహ్మం' అనడం మొదలుపెట్టారు.

అక్టోబరులో బర్కా వైపు ఆవుల ఫారం నుంచి పేడ తెచ్చి తోడు వేశారు, పాలకు మజ్జిగ చుక్క వేసినట్టు. అది తోడుకోవాలంటే చలికాలమంతా జాగ్రత్తగా కాచుకోవాలి. సొంత గ్యాసు వచ్చేదాకా డీజిల్ బాయిలర్‌తో తొట్టిని వెచ్చగా ఉంచాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మల్లీశ్వరి ఒక కబురు తెచ్చింది.

జైనబీ ఇంట్లో అన్నం తిని కూర్చున్నారు. మల్లీశ్వరి ఆవేళ అన్నం సరిగా తినలేదు. మాట కడుపులో పెట్టుకుని కూర్చున్న మనిషిలా ఉంది.

"మా ఇంట్లో డ్రైవరు పోతాండాడు" అంది. "ముసలాయన నన్ను పిలిచి అడిగినాడు, మీ ఆయనకు లైసెన్సు ఉండాది గదా అని."

"ఊఁ."

"గ్యారేజీ వెనకాల రూమ్ ఉండాది. బాత్రూమ్, వంటకు గట్టు, అన్నీ ఉండాయి. ఇద్దరమూ ఆడనే ఉండచ్చు. నీ కంపెనీ కాంట్రాక్టు వచ్చే నెలకు అయిపోతాది గదా, ఆయనే వీసా మార్పిస్తానన్నాడు."

మల్లీశ్వరి చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తూ అంది: "ఇద్దరమూ ఒకచోట ఉంటే దేవుడు చూడకపోతాడా. కడుపు నిలిస్తే నేను ఇంటికి పోతా, నువ్వు మెల్లగా రా. నాకు వయసు ముప్పై ఆరు దాటుతాంది బ్రహ్మయ్యా."

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అరుదు. సరేనన్నాడు. కంపెనీలో చెప్పి వస్తానన్నాడు. లోపలి నుంచి జైనబీ అంతా విన్నదేమో, టీ గ్లాసులతో వచ్చి, "ఇప్పటికి మీ కాపరం కాపరమైంది" అంది.

మర్నాడు డ్యూటీలో హఫ్సాకి చెప్పాడు. ఆమె ముఖం వాడిపోయింది.

"ఇప్పుడా?" అంది. "ఈ నాలుగు నెలలు గడిస్తే ఎవరినైనా పెట్టుకుంటాను. ఇప్పుడు కొత్తవాళ్లు వచ్చి ఒక్కసారి ఎక్కువ తిండి పెట్టారంటే అంతా పులిసిపోతుంది. పారబోసి మళ్లీ మొదటి నుంచి చేయాలి. అప్పుడు ఆఫీసువాళ్లు ఈ పని ఆపేస్తారు. నువ్వు లేకుండా నావల్ల కాదు, భాయ్."

నువ్వు లేకుండా నావల్ల కాదు. ఆ మాట అతనితో ఎవరూ అనలేదు, షాపు నడిచిన రోజుల్లో కూడా. అతను తొట్టి వైపు చూశాడు. రబ్బరు గుమ్మటం ఇంకా ముడుతలు పడి వాలిపోయి ఉంది. అది ఉబ్బి నిలబడటం చూడకుండా పోవడమా అనిపించింది.

"సరే మేడమ్, చలికాలం అయ్యేదాకా ఉంటా" అన్నాడు.

కాంట్రాక్టు మళ్లీ రాయించుకున్నాడు. శుక్రవారం దాకా మల్లీశ్వరికి ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. జైనబీ ఇంట్లో, అన్నం ముందు కూర్చున్నాక చెప్పాడు. నాలుగు నెలలే గదా అన్నాడు. వేసవికి వేరే డ్రైవరు ఉద్యోగమైనా చూసుకోవచ్చన్నాడు. తొట్టి గురించి, వేడి గురించి, ఆఫీసువాళ్లు ఆపేస్తారన్న భయం గురించి చాలాసేపు చెప్పాడు.

మల్లీశ్వరి వింటూ అన్నం కలిపింది. కలిపిన ముద్ద అట్లాగే ఉంచి, "మాట ఇచ్చేసినావా?" అంది.

"ఇచ్చినా."

"అయితే ఇంగ నాకు చెప్పేదేముండాది" అని లేచి చెయ్యి కడుక్కుంది. అరవలేదు, ఏడవలేదు. ఆవేళ లోపలి గదికి పోకుండా జైనబీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగింది.

అల్ హైల్ ఇంటికి వేరే డ్రైవరు వచ్చాడు. కేరళ మనిషి. గ్యారేజీ వెనక గది అతనికిచ్చారు.

ఆ చలికాలం వీరబ్రహ్మం ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. జనవరిలో ఒకసారి బాయిలర్ మొరాయించింది. మెకానిక్ వచ్చేదాకా జిలానీ తనూ కలిసి తొట్టికి పోయే పైపులకు పాత దుప్పట్లు చుట్టారు. బురద పెట్టడం తగ్గించి, పురుగులు నీరసపడకుండా ఏ పూటకాపూట చూసుకున్నారు. ముందు వచ్చిన గ్యాసు అంటుకోనేలేదు. అగ్గిపుల్ల గీస్తే ఆరిపోయేది. హఫ్సా రోజూ వచ్చి మీటరు చూసి తల అడ్డంగా ఊపేది. మల్లీశ్వరి శుక్రవారాలు వస్తూనే ఉంది. అన్నం తినేవాళ్లు, ఊరి సంగతులు చెప్పుకునేవాళ్లు. గది మాట, పిల్లల మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. అతను దాన్ని ఓర్పు అనుకున్నాడు.

ఫిబ్రవరి చివర ఒక ఉదయం గుమ్మటం నిండుగా ఉబ్బి కనిపించింది. పక్కనున్న గ్యాసు కాల్చే గొట్టం దగ్గర జిలాని మంట పెట్టాడు. భుగ్గుమని అంటుకుంది. ఎండలో కంటికి సరిగా ఆనని నీలిమంట. అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తే తెలుస్తోంది. జిలాని "బ్రహ్మన్నా, అంటుకునింది చూడు, ఆరడంల్యా" అని అతని భుజం పట్టుకుని ఊపాడు. హఫ్సా దుపట్టాతో కళ్లు తుడుచుకుంది. వీరబ్రహ్మం ఆ మంటను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. అంతటి సంతోషం అతను జీవితంలో ఎక్కువసార్లు ఎరగడు. అది అబద్ధం కాదు. తర్వాత ఎంత బాధపడినా ఆ సంతోషాన్ని మాత్రం అతను కాదనలేకపోయాడు.

ఇంజన్ తిరిగింది. దాని వేడి నీళ్లు తొట్టికి వెళ్లాయి. డీజిల్ బాయిలర్ ఆపేశారు. గ్యాసును ఇనుప రజను నింపిన పెట్టెలోంచి పోనిచ్చి కుళ్లు వాసన తీశారు, నీళ్లతో కడిగారు, సిలిండర్లకెక్కించారు. ఏప్రిల్లో ప్లాంటు పాత పికప్‌కి, మన ఊళ్ల ఆటోలకు బిగించినట్టే, గ్యాసు కిట్ బిగించారు. కొన్నాళ్లు ఊళ్లో తిప్పి చూడాలి. "నీ చేత్తో నువ్వే తిప్పు" అని హఫ్సా తాళాలు వీరబ్రహ్మం చేతిలో పెట్టింది.

అతను నేరుగా అల్ హైల్ వెళ్లాడు. ఇంటి ముందు పికప్ ఆపి ఫోన్ చేశాడు. మల్లీశ్వరి తడిచేతులతో గేటు దగ్గరికి వచ్చింది. మోచేతి మీద చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది.

"ఎక్కు. ఒక చుట్టు పోయొద్దాం" అన్నాడు.

"పని ఉండాదయ్యా."

"పది నిమిషాలు. ఇది మా గ్యాసుతో నడిచే బండి. ముందు నిన్నే ఎక్కిద్దామని వచ్చినా."

ఆమె లోపలికి పోయి ముసలావిడతో చెప్పి వచ్చి ఎక్కింది. సముద్రం వైపు రోడ్డు మీద పోతుంటే అతను ఆపకుండా చెప్పుకుపోయాడు. ఇంజన్ చప్పుడు ఎంత మెత్తగా ఉందో, పొగ వాసన ఎంత తక్కువో, ట్యాంకర్లన్నీ ఇట్లాగే నడిస్తే ఎట్లా ఉంటుందో. ఆమె కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టింది. ఒడ్డున పడవల దగ్గర బండి ఆపాడు.

"బాగుండాది" అంది మల్లీశ్వరి. నిజంగానే అంది. మోచేతి మీది పొలుసు గోటితో గీకేస్తూ, "వచ్చే వారం మేము సలాలా పోతాండాము" అంది.

"ఎన్నాళ్లకు?"

"ఇంగ ఆడనే. ముసలామెకు బాగలేదు, కూతురి దగ్గర పెట్టుకుంటారంట. నన్నూ రమ్మన్నారు. వస్తానన్యా."

సలాలా ఈ ఊరి పక్కనుందా? పగలంతా ఎడారిలో బస్సు పోవాలి. శుక్రవారాలు ఉండవు.

"నన్నడగకుండా ఎట్లా ఒప్పుకున్యావు?" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని దాని బరువు అతనికి తెలియలేదు.

మల్లీశ్వరి అతని వైపు తిరిగింది. "నువ్వు ఉంటానని చెప్పిందానికి నాకు కోపం ల్యా. నాలుగు నెలలు ఆగమంటే ఆగిందును. ముందు నన్నడిగింటే ఆగిందును. ఆమెకు మాటిచ్చి, సంతకం పెట్టి, ఆ తర్వాత వచ్చి అన్నం ముందర నాకు చెప్పినావు. నేను యాడుండాను దాంట్లో?"

అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "పోదాం పా, చేపలు నానతాండాయి" అంది ఆమె.

ఆమె సలాలా వెళ్లింది. మొదట్లో రోజూ ఫోన్ చేసుకునేవాళ్లు, తర్వాత వారానికోసారి. వీరబ్రహ్మం రెండుసార్లు సెలవు పెట్టి వెళ్లాలనుకున్నాడు. ఒకసారి వేసవిలో తొట్టి మరీ వేడెక్కి గ్యాసు తగ్గిపోయింది. పైన నీడకు గుడ్డలు కట్టి, వేడి నీళ్లు మళ్లించే పని వచ్చింది. ఇంకోసారి జిలాని ఊరికి పోయాడు, బదులు మనిషి లేడు. ప్రతిసారీ కారణం నిజమైనదే. అతను అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఆమె కూడా ఒక్కసారీ రమ్మనలేదు. ముసలావిడ పోయాక మల్లీశ్వరి మస్కట్ రాకుండానే ఇంటికి వెళ్లిపోయి, మైదుకూరులో ఆడపిల్లల హాస్టల్లో వంటకు చేరింది.

ఈలోగా అతన్ని ఆపరేటరును చేశారు. నీలం యూనిఫాం, ఇద్దరుండే రూమ్ ఇచ్చారు. మురుగు తెచ్చిన ట్యాంకర్లలో కొన్ని అక్కడే గ్యాసు నింపుకుని వెళ్తున్నాయి. హఫ్సా పెళ్లి చేసుకుంది. కాన్పుకని కొన్ని నెలలు సెలవు పెట్టి, మళ్లీ పనిలో చేరింది. ఒకరోజు ప్లాంటు చూడటానికి బయటివాళ్లు వస్తే, కూతురిని కూడా ఎత్తుకుని వచ్చింది. పాప వీరబ్రహ్మం టోపీ లాగి నోట్లో పెట్టుకోబోయింది.

"నీకెంతమంది పిల్లలు భాయ్? ఎప్పుడూ అడగనే లేదు" అంది హఫ్సా.

"లేరు మేడమ్."

"ఇన్షా అల్లా, పుడతారు" అంది ఆమె మనస్ఫూర్తిగా. అతను పాప చేతిలోంచి టోపీ మెల్లగా విడిపించుకున్నాడు. ఆ చలికాలం తాను ఏది వదులుకుని ఉన్నాడో ఆమెకు తెలియదు. అతను చెప్పలేదు. చెప్పి ఉంటే పొమ్మనేదే. మంచి మనిషి. ఆ సంగతి కూడా అతన్ని బాధపెట్టింది.

ఆ ఏడాది సెలవు దొరికింది. ఇంటికి వెళ్లాడు. మల్లీశ్వరిని అడిగి, ఒప్పించి, ప్రొద్దుటూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె పరీక్షలన్నీ చూసి, మొహమాటం లేకుండానే, మెత్తగా చెప్పింది. ఇంతకు ముందు వచ్చి ఉంటే ఏదైనా చేసేదాన్నమ్మా, ఇప్పుడు ఆశ పెట్టలేను అంది.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. బస్సు చాపాడు దాటింది.

"తప్పు నాదే" అన్నాడు వీరబ్రహ్మం.

"అప్పుడు వచ్చింటే మాత్రం నిలిచేదని ఎవరు చెప్పినారు" అంది మల్లీశ్వరి. అతన్ని ఓదార్చడానికి అందో, తనకు తాను చెప్పుకుందో అతనికి తెలియలేదు. "ఒకచోట ఉండేవాళ్లం. ఆ మటుకన్నా ఉండేది."

"ఇప్పుడు ఈడనే ఉండిపోతా. చెప్పు, ఉండేదా?"

ముందు సీట్లో ఎవరిదో బిడ్డ ఏడుస్తుంటే ఆమె అటు చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

"నాకు హాస్టల్లో తెల్లారేసరికి పనయ్యా. సాయంత్రం దాకా పిల్లోళ్లతోనే సరిపోతాది. నువ్వు ఈడ ఏం చేస్తావు? నీకు ఆడ పనుండాది, నలుగురూ అడిగేవాళ్లుండారు." గొంతులో దెప్పు లేదు. "ఒంటిగా ఉండేది నాకు అలవాటైపోయింది. మల్లా కొత్తగా నేర్చుకోవాలంటే ఓపిక ల్యా. కొన్నాళ్లు పోనీ, చూద్దాం."

ఆమె కోపంగా పొమ్మని ఉంటే ఉండిపోయేవాడేమో. అంత నెమ్మదిగా చెప్పేసరికి అతనికి బతిమాలే చోటు కూడా దొరకలేదు. సెలవు అయ్యాక మస్కట్ తిరిగి వచ్చాడు.

ఇప్పుడు అతని కింద కొత్త కుర్రవాళ్లు పనిచేస్తున్నారు. ఎవరైనా ఊరికి పోతానంటే, ఎవరికైనా పెళ్లయితే, తొట్టికి ఎంత ఇబ్బందైనా సెలవు ఇప్పించి పంపేస్తాడు. కావాలంటే రెండు డ్యూటీలు తానే చేస్తాడు. అతనికి పని పిచ్చి అని వాళ్లనుకుంటారు. వారానికోసారి మల్లీశ్వరికి ఫోన్ చేస్తాడు. హాస్టల్లో ఏం వండిందో, ఏ పిల్లకు జ్వరమొచ్చిందో ఆమె చెబుతుంది. అతను వింటాడు. ఎప్పుడు రమ్మంటావని ప్రతిసారీ అడుగుతాడు. "చెప్తా లే" అంటుంది మల్లీశ్వరి.